ఊరికే వచ్చిన ఆఫీసు

గూడూరు స్టేషన్ నుంచి నిమ్మకాయల మార్కెట్‌కు పోయే దారిలో, ఒక మందుల షాపు మేడ మీద, కరుణాకుమారి టైపింగ్ షాపు ఉండేది. ఆమె తండ్రి దావీదు గారు ఒకప్పుడు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, ఇన్‌స్టిట్యూట్ బోర్డు పోయి టైపింగ్ బోర్డు వచ్చింది, కూతురు మాత్రం ఆ గదిని వదల్లేదు. పెళ్ళి కూడా చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "తీరిక లేక" అని చెప్పి నవ్వేది. అర్జీలు, అద్దె ఒప్పందాలు, చర్చి కరపత్రాలు, సంఘాల తీర్మానాలు, ఏది తెచ్చినా కాదనకుండా టైపు చేసి ఇచ్చేది.

ఆమెకొక అలవాటు ఉంది. టైపు చేసిన కాగితాన్ని చేతికిచ్చే ముందు పైనుంచి కిందికి గట్టిగా చదివి వినిపించేది. చదువు రానివాళ్ళు ఎక్కువగా వచ్చే షాపది. తాము దేని కింద వేలిముద్ర వేస్తున్నారో వాళ్ళకు తెలియాలని ఆమె పట్టుదల. గొంతు కూడా అలాంటిదే. ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదవడానికి ఆమె లేచిందంటే వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయేవి.

రెండేళ్ళ కిందటి వేసవిలో ఒక ఉదయం పద్మనాభయ్య అనే నిమ్మకాయల వ్యాపారి ఆమె ఎదురుగా కూర్చొని ఒక ఉత్తరం చెప్పి రాయిస్తున్నాడు. "లారీ లోడు" అనే మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తెర మీద 'ల' తర్వాత 'ల' వరసగా వచ్చి పడుతోంది. ఒక లైను నిండి రెండో లైనులోకి పోయింది.

"ఏందమ్మా, లారీకి అన్ని 'ల'లు ఎందుకు?" అని నవ్వాడు పద్మనాభయ్య.

కరుణాకుమారి ఆయన వైపు తిరిగింది. ఏదో చెప్పబోయింది. నోరు ఒక పక్కకు జారిపోయి ఉంది. కుడిచెయ్యి కీబోర్డు మీద పడినచోటే పడి ఉంది. పద్మనాభయ్య నవ్వు ఆగిపోయింది. ఆయన మెట్ల మీద నుంచే కేకవేసి కింది మందుల షాపు వాళ్ళను పిలిచాడు. ఆమెను కుర్చీతో సహా కిందికి దించి, తన కారులోనే నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారి పొడుగునా "కళ్ళు మూయబాకమ్మా, నా వైపు చూడు" అంటూనే ఉన్నాడట. ఆ రోజు కాస్త ఆలస్యమై ఉంటే మంచానికే పరిమితమై ఉండేదని డాక్టర్లు తర్వాత చెప్పారు. ఈ మాట ఎప్పుడు చెప్పినా కరుణాకుమారి పద్మనాభయ్య పేరుతోనే మొదలుపెడుతుంది.

ప్రాణం నిలిచింది. కాలు త్వరగానే కోలుకుంది. కుడిచెయ్యి పైకి లేచేది గానీ వేళ్ళు చెప్పిన మాట వినేవి కావు. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది మాట. నాలుక మందమైపోయింది. "నీళ్ళు" అంటే ఎదుటివాళ్ళకు వేరేగా వినిపించేది. రెండోసారి చెప్పమని అడిగితే ఆమె ముఖం తిప్పుకునేది. కొన్ని వారాలకు అసలు మాట్లాడటమే మానేసింది.

తమ్ముడు బెన్హర్ రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. స్టేషన్ వెనక క్వార్టర్స్‌లో ఉండేవాడు. అక్కను తన ఇంటికే తెచ్చుకున్నాడు. అతని భార్య ఫేబీ విసుక్కోకుండా తల దువ్వేది, ముద్దలు కలిపి పెట్టేది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి రోజూ ఒకటే మాట చెప్పేది. "మేడమ్, నోరు ఎంత వాడితే అంత తిరిగొస్తుంది. గట్టిగా మాట్లాడండి." కరుణాకుమారి తల ఊపేది. మాట్లాడేది కాదు.

ఒకరోజు బెన్హర్ డ్యూటీ నుంచి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"అక్కా, షాపు గది ఓనరు అడగతా ఉండాడు. ఆ మెట్లు నువ్వింక ఎక్కలేవు. ఇచ్చేద్దామా?"

ఆమె సరేనన్నట్టు చెయ్యి ఊపింది. మర్నాడు బెన్హర్ కంప్యూటర్‌ను, ప్రింటర్‌ను రిక్షాలో ఇంటికి చేర్చాడు. వసారాలో ఒక మూల బల్ల వేసి వాటిని పెట్టి, దుమ్ము పడకుండా ఫేబీ పాత చీర కప్పింది. కరుణాకుమారి ఒకసారి తెరిచి చూసింది. ఉత్తరాలకూ లెక్కలకూ ఏటేటా డబ్బు కట్టి వాడుకునే ఆఫీసు ప్రోగ్రాం అందులో గడువు దాటిపోయింది. పాత కాగితాలు తెరుచుకుంటున్నాయి, చదవనిస్తోంది, కొత్తగా ఒక్క అక్షరం రాయనివ్వడం లేదు. ఆమె ఆపేసి మళ్ళీ చీర కప్పింది.

మహాలక్ష్మి వచ్చింది ఆ తర్వాతే.

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక మత్స్యకారుల పల్లె ఆమెది. ఆ ఊరి ఆడవాళ్ళు ఒక సంఘం పెట్టుకొని ఎండు రొయ్యలు, ఎండు చేపలు శుభ్రంగా ఎండబెట్టి, పొట్లాలు కట్టి అమ్ముతారు. మహాలక్ష్మి దాని అధ్యక్షురాలు. ఏడో తరగతి దాకా చదివింది. సంఘానికి కావలసిన ప్రతి అర్జీ, ప్రతి తీర్మానం కరుణాకుమారి షాపులోనే టైపయింది. షాపు మూసేశారని తెలిసి, మందుల షాపులో అడిగి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చేతిలో ఒక చేపల పొట్లం, భుజానికి నల్లసంచి.

కరుణాకుమారిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ ఎక్కువసేపు కాదు. సంచిలోంచి లాప్‌టాప్ తీసి మంచం మీద పెట్టింది.

"ఇది మా సంఘానికి ఇచ్చినారక్కా. మొదట్లో బాగా రాసింది. ఇప్పుడు తెరిస్తే డబ్బు కట్టు, డబ్బు కట్టు అంటా ఉండాది. ఊరికే వచ్చే ఆఫీసులు ఉండాయంట గదా. ఒకడు ఒకటి బాగుందంటాడు, ఇంకొకడు అది వద్దంటాడు. మాకేం తెలస్తుంది? ఏది మంచిదో నువ్వు చెప్పాల."

కరుణాకుమారి తన నోటి వైపు, చేతి వైపు చూపించింది.

"నిన్ను టైపు కొట్టమన్లేదక్కా. చూసి చెప్పమంటా ఉండా. చేప తాజాదో కాదో చెప్పేదానికి చేతులెందుకు, కళ్ళు చాలవా?"

ఫేబీ పక్కున నవ్వింది. చాలా రోజుల తర్వాత కరుణాకుమారి పెదవులు కూడా కదిలాయి. మహాలక్ష్మి లాప్‌టాప్‌ను అక్కడే వదిలి, మళ్ళీ వీలు చూసుకొని వస్తానని చెప్పి బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు ఫేబీ వంటింట్లోంచి వచ్చేసరికి వసారాలో చీర మడతపెట్టి ఉంది. కరుణాకుమారి లాప్‌టాప్ ముందు కూర్చొని ఎడమచేత్తో ఒక్కొక్క మీటనే వెతికి నొక్కుతోంది.

ఎవరెవరో ఇంటర్నెట్‌లో రాసిన అభిప్రాయాలను ఆమె పట్టించుకోలేదు. మహాలక్ష్మి సంఘానికి నిజంగా ఏ పనులు ఉంటాయో అవే ముందు పెట్టుకుంది. పొట్లం మీద అంటించే తెలుగు చీటీ తయారుచేయాలి. బిల్లు వేయాలి. ఎవరు ఎన్ని కిలోలు తెచ్చారో పట్టీ రాయాలి. చెన్నైలో సరుకు కొనే వ్యాపారి పంపే ఒప్పందం కాగితం చెదిరిపోకుండా తెరుచుకోవాలి. ఈ పనులన్నీ ఒక్కో ఆఫీసులోనూ చేసి చూసింది.

మొదట డబ్ల్యూపీఎస్. తెరవగానే ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇన్నేళ్ళు వాడిన ప్రోగ్రాంకు అచ్చంగా చుట్టంలా ఉంది, నొక్కే బొమ్మల్లో ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. తనకైతే అదే హాయి. కానీ ఊరికే ఇచ్చే దాంట్లో మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి. ఇంగ్లీషు రాని మహాలక్ష్మి వాటిలో దేన్ని నొక్కుతుందో, ఎటు పోతుందో అని ఆలోచించి దాన్ని పక్కన పెట్టింది.

లిబ్రే ఆఫీస్ పూర్తిగా వేరేగా కనిపించింది. కొన్ని బొమ్మలు వెతుక్కోవలసి వచ్చింది. అయితే అది లాప్‌టాప్‌లోనే ఉంటుంది, నెట్ అడగదు, పేరు నమోదు చేసుకోమనదు. ఉత్తరానికీ లెక్కకూ బొమ్మల చీటీకీ అన్నిటికీ అందులోనే చోటుంది. పైగా మెనూలు తెలుగులోకి మార్చుకోవచ్చు. ఆమె మార్చి చూసింది. కొన్ని మాటలు పుస్తకాల తెలుగులా ఉన్నాయి గానీ తెలుగు తెలుగే. చెన్నై వ్యాపారి కాగితం మాత్రం అందులో తెరిస్తే, కింది గళ్ళు కొన్ని రెండో పేజీకి జరిగాయి. అదే కాగితాన్ని ఓన్లీ ఆఫీస్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే ఎక్కడి గీత అక్కడ నిలబడింది. ఆ ఒక్క పని కోసం దాన్ని కూడా ఉంచుకోవాలనుకుంది.

చివరికి గూగుల్ డాక్స్‌కు వచ్చింది. ఇందులో దింపుకోవలసిందేమీ లేదు, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది, పల్లెలో రాసింది చెన్నైలో అదే క్షణంలో కనబడుతుంది. మెనూలు చూసుకుంటూ పోతుంటే ఒకచోట మైకు బొమ్మ కనబడింది. నోటితో చెబితే అదే రాస్తుందట. తెలుగు కూడా ఉంది.

కరుణాకుమారి ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసింది. ఇంట్లో ఎవరూ లేరు. ఫేబీ సంతకు పోయింది. బొమ్మ మీద నొక్కి, నోరు తెరిచి తన పేరు చెప్పింది.

తెర మీద ఏవో రెండు ముక్కలు పడ్డాయి. అందులో కరుణ లేదు, కుమారీ లేదు.

మళ్ళీ చెప్పింది. వేరే ముక్కలు పడ్డాయి. మనుషులైతే రెండోసారి అడిగేటప్పుడు వాళ్ళ కళ్ళలో జాలి కనబడేది. ఈ తెరకు జాలి లేదు, విసుగు లేదు. తప్పు రాసి ఊరుకుంటుంది, మళ్ళీ చెబితే మళ్ళీ వింటుంది. ఆమెకు అదే బాగుందనిపించింది. పెదవులు కూడదీసుకొని, ఒక్కొక్క అక్షరాన్ని పట్టిపట్టి, మళ్ళీ చెప్పింది. ఈసారి "కరుణ" అని పడింది.

ఫేబీ తిరిగి వచ్చేసరికి తలుపు లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. చుట్టాలెవరో వచ్చారనుకుంది. లోపలికి వస్తే వదినే. కూర్చొని ఒకే మాటను పదేపదే అంటోంది, చెమటలు కారుతున్నాయి, తెర మీద "కరుణ" అనే మాట కిందికి వరసగా దిగుతోంది. ఫేబీ చేతిలోని కూరల సంచి కింద పెట్టేసి అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

అప్పట్నుంచి అదే పని. ఏం చెప్పాలో తోచనప్పుడు ఆమె స్టేషన్ మైకు వినేది. క్వార్టర్స్‌కు ఆ ప్రకటనలు బాగా వినబడతాయి. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో, ఎంత ఆలస్యమో, స్టేషన్‌లో చెప్పిన ప్రతిదాన్నీ ఆమె వసారాలో తిరిగి చెప్పేది. బెన్హర్ డ్యూటీ దిగి వచ్చి, "ఏందక్కా, బయటా అదే, లోపలా అదే! నాకు ఇంటికొచ్చినట్టే లేదు" అని తల పట్టుకునేవాడు. అతని ముఖం మాత్రం వెలిగిపోయేది. మొదట్లో ఆమె చెప్పిన "గూడూరు" తెర మీద "గోడలు" అయ్యేది. కొన్నాళ్ళకు గూడూరు గూడూరుగానే పడింది. వ్యాయామం చేయించే అమ్మాయి ఇదంతా చూసి, నేను చెబితే వినలేదు గానీ దీనికి చెప్పడానికైతే నోరు వచ్చిందా అని నవ్వింది. మిగతా రోగులకు కూడా చెబుతానని ఆ మైకు ఎక్కడుందో రాసుకుంది.

మహాలక్ష్మి మళ్ళీ వచ్చినప్పుడు కరుణాకుమారి తన తీర్పు చెప్పింది. మెల్లగా, ఆగి ఆగి, కానీ నోటితోనే చెప్పింది.

"ఒకటే కాదు మహాలక్ష్మీ. మీ ఊళ్ళో గాలి కొడితే నెట్ పోతాది గదా? అందుకని ఇంటి పనికి లిబ్రే. చెన్నైకి చూపించేదానికి గూగుల్. ఆయన కాగితం తెరిచేదానికి ఇంకోటి. అన్నీ ఊరికేనే."

మహాలక్ష్మి ఆ సలహా సంగతి అప్పుడే వదిలేసింది. "అక్కా, నువ్వు మాట్లాడతా ఉండావు!" అని రెండు చేతులూ పట్టుకుంది.

కరుణాకుమారి ఆ రోజంతా ఆమెను కూర్చోబెట్టి నేర్పింది. పట్టీ ఎలా తెరవాలో, బిల్లు ఎలా వేయాలో. రాసిన తర్వాత తప్పకుండా సేవ్ చేయాలని మరీమరీ చెప్పింది. సేవ్ అంటే ఏమిటని మహాలక్ష్మి అడిగితే "దాచడం" అని అర్థం చెప్పింది. మహాలక్ష్మి రెండుసార్లు "దాచడం, దాచడం" అనుకుంటూ లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని వెళ్ళింది.

ఆ నెలాఖరులో ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది. మహాలక్ష్మి ఏడుస్తోంది. చెన్నై వ్యాపారి ఎండు రొయ్యలకు పెద్ద ఆర్డరు ఇస్తానన్నాడు. ఏ రకం ఏ ధరకిస్తారో పట్టీ తయారుచేసి ఆ సాయంత్రంలోగా పంపమన్నాడు. ఆడవాళ్ళంతా కూర్చొని పట్టీ రాశారు. ఇప్పుడు చూస్తే పేర్లున్నాయి, ధరలు లేవు.

"దాచినానక్కా! నువ్వు చెప్పినట్టే దాచినాను! కళ్ళముందరే మాయమైపోయినాయి!"

కరుణాకుమారికి సగం అర్థమైంది. ఏం చేయాలో చెప్పబోయింది. అవతల గాలి హోరు. కంగారులో తన నాలుక కూడా మళ్ళీ మందమైంది. "కాలమ్" అంటే అవతలికి వినబడలేదు. రెండుసార్లు, మూడుసార్లు చెప్పింది. "నీ మాట తెగిపోతా ఉండాదక్కా" అంటూ ఫోనే తెగిపోయింది.

ఆమె ఫోన్ పక్కన పెట్టి లేచింది. జబ్బు చేసిన తర్వాత ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ కదల్లేదు. "ఫేబీ, చెప్పులు" అంది.

"యాడికి వదినా?"

"పల్లెకు."

ఫేబీ వాదించలేదు. ఇంటికి తాళం వేసి తనూ బయల్దేరింది. బస్సు దిగి, ఇంకో బస్సెక్కి, చివర ఆటోలో, ఉప్పు గాలి ముఖానికి కొడుతుంటే పల్లె చేరారు. సంఘం షెడ్డు ముందు ఎండు చేపలు పరిచిన పట్టలు గాలికి ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టి ఉన్నాయి. లోపల ఆడవాళ్ళంతా లాప్‌టాప్ చుట్టూ కూర్చొని ఉన్నారు. మహాలక్ష్మి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తలుపు దగ్గర కరుణాకుమారిని చూసి లేచి నిలబడింది.

కరుణాకుమారి ఆమె పక్కనే చాప మీద కూర్చుంది. తెర చూసింది. మౌస్ మాత్రం తీసుకోలేదు.

"పైన ఇంగ్లీషు అక్షరాలు ఉండాయి గదా, చదువు."

"ఏ, బీ..." మహాలక్ష్మి ఆగింది. "ఎఫ్."

"బీ తర్వాత ఏం రావాల?"

"సీ."

"మరి సీ యాడికి పోయింది?"

షెడ్డులో అందరూ తెర మీదకు వంగారు. మహాలక్ష్మి వేలితో బీకీ ఎఫ్‌కీ మధ్య గీతను తడిమింది. "ఇక్కడ ఉండాల. లేదు."

"పోలేదు. అక్కడే ఉండాది. నీకు కనపడకుండా ఉండాది."

విషయం ఏమిటంటే, కాలమ్‌ను, అంటే నిలువు వరసను, కంటికి కనపడకుండా పెట్టే ఏర్పాటు ఒకటి ఆఫీసు ప్రోగ్రాంలన్నిటిలోనూ ఉంటుంది. తెలుగు మెనూలో దాని పేరూ దాచడమే. ధరల కాలమ్‌లను జాగ్రత్త చేయాలని, వాటి మీద నొక్కి, దాచడమనే మాట కనబడగానే మహాలక్ష్మి నమ్మకంగా దాన్నే ఎంచుకుంది. బీనీ ఎఫ్‌నూ కలిపి పట్టుకొని మళ్ళీ చూపించమని ఎలా అడగాలో కరుణాకుమారి చెప్పింది. మహాలక్ష్మే నొక్కింది. సీ, డీ, ఈ ధరలతో సహా వచ్చి వాటి చోట్లలో నిలబడ్డాయి. షెడ్డులో ఈలలు, చప్పట్లు. మహాలక్ష్మి అత్త పిచ్చమ్మ ఒక మూల కూర్చొని రొయ్యలు ఏరుతూ ఇదంతా వింటోంది.

"దాంట్లో తప్పేముందమ్మే?" అంది. "మా ఆయన కంట పడకుండా నేను డబ్బు పెట్టేది గూడా దాచేదే గదా! మిషను సరిగ్గానే దాచింది."

ఒక్కసారిగా అందరూ నవ్వారు. మహాలక్ష్మి ఏడుస్తూనే నవ్వింది. కరుణాకుమారి కూడా పగలబడి నవ్వింది. నవ్వు తగ్గాక ఆమె పిచ్చమ్మను అడిగింది.

"అవ్వా, ఎండిన రొయ్యల్ని వానాకాలానికి ఏం చేస్తారు?"

"నిలవ పెడతాం."

"అదీ మాట! సేవ్ అంటే నిలవ పెట్టడం. ఇప్పట్నుంచి దాచబాకండి, నిలవ పెట్టండి."

ఆ మాట ఆ షెడ్డులో స్థిరపడిపోయింది. పట్టీని నిలవ పెట్టి, నకలు చెన్నైకి పంపారు. సాయంత్రానికే అవతలి నుంచి జవాబు వచ్చింది, ఆర్డరు ఖాయమని. కానీ కరుణాకుమారి తర్వాత ఎక్కువగా తలుచుకున్నది ఆర్డరును కాదు. ఆ చాప మీద కూర్చొని తను అంతసేపు మాట్లాడింది. కొన్ని మాటలు తడబడ్డాయి, కొన్ని సగంలో ఆగాయి. ఒక్కరు కూడా జాలిగా చూడలేదు. కావలసిన సంగతి ఆమె దగ్గర ఉంది గనుక, అది పూర్తిగా బయటికి వచ్చేదాకా అందరూ ఆగి విన్నారు. పిచ్చమ్మ వంకాయ, ఎండు రొయ్యలు వేసి వండిన కూరతో అన్నం పెట్టింది. కరుణాకుమారి కుడిచేత్తోనే తింది. సగం మెతుకులు కింద పడ్డాయి. పిచ్చమ్మ ఏమీ అనకుండా ఇంకో ముద్ద వడ్డించింది.

ఆ తర్వాత పల్లెకు పోవడం మామూలైంది. బెన్హర్ తనకు సెలవున్న రోజు తనే బండి మీద దించి వచ్చేవాడు. గది ఇచ్చేసినందుకు లోపల బాధపడుతున్నాడేమో, ఒకరోజు వసారాకు రేకుల పందిరి వేయించి, పెద్ద బల్ల చేయించి, ముందర బోర్డు కట్టాడు. 'కరుణ టైపింగ్ - ఉచిత ఆఫీసు నేర్పబడును' అని ఉంది దాని మీద. ఉచితమనేది ఆఫీసుకా, నేర్పడానికా అని ఫేబీ అడిగితే అతనికే తెలియదు. కరుణాకుమారి "రెండిటికీ ఉండనీ" అంది. టైపింగ్ పనికి మాత్రం ఎప్పటిలాగే తీసుకునేది. ఎడమచెయ్యి వేగం పుంజుకుంది. పొడుగు కాగితాలను నోటితో చెప్పి, తప్పులు చేత్తో దిద్దేది. పాత షాపులో ఏళ్ళ తరబడి చేసిన తెలుగు కాగితాలు వెనకటి ఫాంట్లలో ఉండటంతో కొత్త ఆఫీసుల్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనబడేవి. వాటిలో అవసరమైనవాటిని ముద్రించిన ప్రతులు చూసి, మైకుకు చదివి, తిరిగి రాయించుకుంది. అలా చదవడం వల్ల గొంతు ఇంకా తేటబడింది.

ఆ ఏడు చర్చిలో కోత పండగ నాడు, దేవుడు తమకు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు రావచ్చని పాస్టర్ గారు పిలిచినప్పుడు ఆమె లేచింది. జబ్బు చేసిన తర్వాత ముందుకు రావడం అదే మొదలు. బెంచీలన్నీ నిశ్శబ్దమయ్యాయి. ఆమె వాళ్ళ ముందు నిలబడి కాగితం లేకుండానే చెప్పింది.

"దేవుడికి స్తోత్రం. పద్మనాభయ్య గారికి, నా తమ్ముడికి, ఫేబీకి, పులికాట్ ఒడ్డున ఉండే మహాలక్ష్మికి, ఆమె అత్తకు నా వందనాలు. ఇంకొందరు ఉండారు. వాళ్ళ పేర్లు నాకు తెలీదు. ఏ దేశమో తెలీదు. యాడనో కూర్చొని, ఊరికే వాడుకునే ఆఫీసులు తయారుచేసినారు. వాటి మాటల్ని మన తెలుగులోకి రాసినవాళ్ళు ఉండారు. నేను నోరు మూసుకొని కూర్చున్నప్పుడు వాళ్ళు చేసిన పని నా ముందరికొచ్చింది. కొందరు వ్యాపారం కోసం చేసి ఉంటారు, కొందరు ఊరికే చేసి ఉంటారు. అదంతా నాకు తెలీదు. నాకు మాత్రం మేలు జరిగింది. పేరు తెలీనివాళ్ళకు గూడా కృతజ్ఞత చెప్పొచ్చు గదా అని లేచినాను."

ఎవరో "ఆమెన్" అన్నారు. పాస్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాతి పాట మొదటి పాదం ఎత్తుకోమని ఆమెకే చెప్పారు. ఆమె ఎత్తుకుంది. గొంతు పూర్తిగా వెనకటిది కాదు, కొంచెం బరువుగా, కొంచెం నిదానంగా ఉంది. అందరూ ఆ నిదానానికే తగ్గి పాడారు.

ఇప్పుడు రేకుల పందిరి కింద వారానికి రెండు రోజులు తరగతి నడుస్తుంది. మహాలక్ష్మి పల్లె నుంచి చుట్టుపక్కల పల్లెలకు కబురు పాకింది. పచ్చళ్ళ సంఘం వాళ్ళు వస్తారు, కుట్టుపని వాళ్ళు వస్తారు. ఏ ఆఫీసు మంచిదని ఎవరడిగినా ఆమె వెంటనే చెప్పదు. నీకేం పని, మీ ఊళ్ళో నెట్ ఉందా, నువ్వు పంపే కాగితాన్ని అవతలివాళ్ళు దేంట్లో తెరుస్తారు అని అడుగుతుంది. జవాబులు విని, ఆ మనిషికి ఏది సరిపోతుందో అది చెబుతుంది. ఒక్కోసారి డబ్బు కట్టే ఆఫీసే మీకు మేలని కూడా చెబుతుంది.

మొన్న పెంచలమ్మ అనే ఆమె కొత్తగా వచ్చింది. కోట అనే ఊరి వైపు పల్లె, అప్పడాల సంఘం. తను తెచ్చిన లాప్‌టాప్‌లో కరుణాకుమారి లిబ్రే ఆఫీస్ ఎక్కిస్తుంటే పక్కనే కూర్చొని అనుమానంగా చూస్తోంది.

"దీనికి నిజంగా డబ్బు అడగరా అక్కా?"

"అడగరు."

"తర్వాత్తర్వాత?"

"అప్పుడు గూడా అడగరు."

"ఇంత పని చేసి, ఊరికే ఎందుకిచ్చినారంట?"

కరుణాకుమారి మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఆమె వైపు తిరిగింది. స్టేషన్‌లో ఏదో రైలు కదులుతున్న చప్పుడు వినబడుతోంది.

"నాకూ సరిగ్గా తెలీదు పెంచలమ్మా. నువ్వు అప్పడాలు బాగా వచ్చినప్పుడు పక్కింటికి నాలుగు ఇస్తావు గదా, అట్టాంటిదేమో." ఆమె కుర్చీ పక్కకు జరిపి పెంచలమ్మకు చోటిచ్చింది. "ఇట్టా దగ్గరికి రా. మీ సంఘం పేరు ముందు నువ్వే రాయి."